ఫీజు సర్కారుది.. బాకీ పిల్లలది

*లక్షల ఇళ్లలో మొదటి ఇంజినీరును, మొదటి డిగ్రీని చూపించిన పథకం ఫీజు రీయింబర్స్‌మెంట్. ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా దాన్ని ఎవరూ ఎత్తెయ్యలేదు. సకాలంలో డబ్బు ఇచ్చినవాళ్లూ లేరు. ఆ ఆలస్యం భారం మోస్తున్నదెవరు? దాన్ని దించే దారేమిటి?*

ఇంజినీరింగ్ ఆఖరి సెమిస్టరు ఫలితాలు వచ్చిన వారానికి ప్రైవేటు కాలేజీల్లో ఆఫీసు కిటికీ ముందు క్యూ మొదలవుతుంది. అందరి చేతుల్లోనూ 'నో డ్యూస్' ఫారం. లైబ్రరీ సంతకం, ల్యాబ్ సంతకం, హాస్టల్ సంతకం ఒక్క పూటలో అయిపోతాయి. కథంతా అకౌంట్స్ సెక్షన్ దగ్గరే. "నీ స్కాలర్‌షిప్ రెండేళ్లది ఇంకా పడలేదమ్మా. ఇప్పుడు కట్టేసి సర్టిఫికెట్లు తీసుకెళ్లు. గవర్నమెంటు వేశాక వెనక్కిస్తాం" అంటాడు గుమాస్తా ఓ అమ్మాయితో. చాలా చోట్ల ఆయనకూ నెలల తరబడి జీతం ఉండదు.

నాలుగేళ్ల కిందట కన్వీనర్ కోటాలో సీటు వచ్చినప్పుడు ఆ అమ్మాయి చేతికి అందిన అలాట్‌మెంట్ ఆర్డరులో కట్టాల్సిన ట్యూషన్ ఫీజు సున్నా. ఆ ఫీజు సర్కారు చూసుకుంటుందన్న ధైర్యంతోనే ఇంట్లోవాళ్లు కాలేజీకి పంపారు. ఇప్పుడు ఉద్యోగంలో చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి, అవి కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఏడాదికి 35,000 చొప్పున రెండేళ్ల బకాయి 70,000. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాది తిరిగేసరికి వడ్డీయే 16,800 అవుతుంది. సర్కారు ఆ 70,000 ఎప్పుడో ఒకప్పుడు ఇస్తుంది. వడ్డీ మాత్రం ఎప్పటికీ ఇవ్వదు. పద్దుల్లో ఎక్కడా కనిపించని ఈ ఖర్చే ఈ పథకంలో అసలు లోపం.

టోకెన్ పడింది, డబ్బు పడలేదు

ఈ డబ్బు ఎన్ని మెట్లు దిగి వస్తుందో చూస్తే ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది. విద్యార్థి కాలేజీలో చేరగానే మీసేవలో ఆదాయ, కుల ధ్రువపత్రాలు తీసుకోవాలి. తెలంగాణలో ఈ-పాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆధార్ బ్యాంకు ఖాతాకు అనుసంధానమై ఉండాలి, వేలిముద్ర సరిపోవాలి, హాజరు 75 శాతం దాటాలి. ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి జిల్లా సంక్షేమాధికారి లాగిన్‌కు చేరాలి. ఆంధ్రాలో పొలం ఎకరాలు, కారు, ఆదాయపు పన్ను లెక్కలు కూడా చూస్తారు. వీటన్నిటికీ తలా ఒక గడువు ఉంది. ఏ ఒక్కటి తప్పినా దరఖాస్తు తిరుగు ముఖం పడుతుంది.

అన్నీ సవ్యంగా దాటాక బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. అక్కడ దానికో టోకెన్ నంబరు ఇస్తారు. కాలేజీల అకౌంటెంట్లు రోజూ అనే మాట ఇదే: "టోకెన్ పడింది సార్, డబ్బు పడలేదు." బిల్లు పాసైందని టోకెన్ చెబుతుంది. ఖజానాలో నగదు ఎప్పుడు వదలాలో ఆర్థిక శాఖ చెబుతుంది. ఈ రెంటి మధ్య నెలలు గడవొచ్చు, ఏళ్లూ గడవొచ్చు. ఇన్ని వందల కోట్లు విడుదల చేశామని మంత్రి ప్రకటిస్తారు. పైసా అందలేదని కాలేజీలవాళ్లు మర్నాడు ప్రెస్‌మీట్ పెడతారు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. మంత్రి చెప్పేది మంజూరు జీవో గురించి, వీళ్లు చెప్పేది బ్యాంకు స్టేట్‌మెంట్ గురించి.

విద్యార్థి వైపు అన్నిటికీ గడువులున్నాయి గానీ చెల్లించేవాళ్లకు ఒక్క గడువూ లేదు. జీతాలు, పింఛన్లు, అప్పుల వాయిదాలు నెల మొదట్లోనే పోతాయి. రైతుల డబ్బు ఆగితే రోడ్డు మీదికొస్తారు, కాంట్రాక్టరు డబ్బు ఆగితే పని ఆపేస్తాడు. ఫీజు డబ్బు ఆపితే వెంటనే ఏమీ ఆగిపోదు, పాఠాలు ఎలాగోలా నడుస్తూనే ఉంటాయి. అందుకే నగదు ఇబ్బంది వచ్చినప్పుడల్లా ఆర్థిక శాఖ ముందుగా చెయ్యి పెట్టే పద్దుల్లో ఇది ఒకటి. ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. అడిగే గొంతు బలహీనంగా ఉన్నచోట కోత పడడం ఏ ఖజానాలోనైనా మామూలే.

ఆ గొంతు ఈమధ్య గట్టిపడింది. తెలంగాణలో 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూశాయి. 2025 నవంబరు 3 నుంచి ఇంజినీరింగ్, ఫార్మసీ సహా వృత్తివిద్యా కాలేజీలు బంద్‌కు దిగాయి. మొత్తం బకాయి పది వేల కోట్ల దాకా ఉందని యాజమాన్యాల లెక్క. ప్రభుత్వంతో చర్చలు జరిగి కొంత డబ్బుకు హామీ దొరికాక వారం తిరగకుండానే విరమించాయి. ఆ వారంలో క్లాసులు పోయినవి విద్యార్థులకే, పరీక్షలు అటూ ఇటూ అయినవీ వాళ్లకే. ఆ చర్చల బల్ల దగ్గర వాళ్ల కుర్చీ మాత్రం లేదు.

వారాల భోజనం నుంచి జీవోల దాకా

పేదపిల్లల చదువును సర్కారు మోయాలన్న ఆలోచన మనకు మొన్న మొన్నటిది. అంతకుముందు వారాలు చేసుకుని చదివేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో భోజనం. ఆ అరుగులు కొన్ని కులాల పిల్లలకే అందేవి. కాకినాడలో పిఠాపురం రాజా వారి కాలేజీ, హైదరాబాద్‌లో 1918లో వెలిసిన రెడ్డి హాస్టల్ లాంటివి దాతల చేతి మీదుగా నడిచాయి. ఎన్నో జీవితాలను నిలబెట్టాయి. అయినా దాత మనసు, దాత కులం, దాత ఊరు చూసుకుని సాగే సాయం అది.

సాయాన్ని దాత అరుగు మీద నుంచి సర్కారు పద్దులోకి తెచ్చినవాడు అంబేడ్కర్. వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా 1942 అక్టోబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డు కులాల విద్యార్థుల ఉన్నత చదువుకు కేంద్రమే డబ్బు ఇవ్వాలని అడిగారు. మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. తర్వాత గిరిజన విద్యార్థులకూ వర్తించింది. ఈనాటి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ చెట్టుకు పుట్టిన కొమ్మే.

ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 నుంచి ఆ కొమ్మను ఊహించనంత పెద్దది చేసింది. ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీ, మైనారిటీ, ఈబీసీ విద్యార్థులందరికీ, ఆదాయ పరిమితిలో ఉంటే చాలు, వృత్తివిద్యా కోర్సుల ట్యూషన్ ఫీజు మొత్తం సర్కారే కడుతుందని చెప్పింది. ఇన్ని సీట్లకే అని పరిమితి లేదు, అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ ఇచ్చారు. అప్పట్లో దేశంలో ఇంత విశాలంగా ఇచ్చిన రాష్ట్రం మరొకటి లేదనే చెప్పాలి.

దాని ఫలితం చూడ్డానికి సర్వేలు అక్కర్లేదు. ఉపాధి పనికి వెళ్లే తల్లి, హమాలీ పని చేసే తండ్రి ఉన్న ఇంటి నుంచి హైదరాబాద్ మాదాపూర్‌కో, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌కో, అటు నుంచి అటే డల్లాస్‌కో వెళ్లినవాళ్లు ప్రతి మండలంలో కనిపిస్తారు. ఇంటర్‌తో పెళ్లి చేసి పంపాల్సిన ఆడపిల్లకు "ఫీజు లేదు కదా, నాలుగేళ్లు చదవనీ" అన్న ఒక్క వాక్యం గడువు ఇచ్చింది. ఈ పథకాన్ని ఓట్ల తాయిలమని తీసిపారేసేవాళ్లు ఆ ఇళ్లలో ఒక్కసారైనా కూర్చుని చూడాలి. ఇప్పుడు మనం మాట్లాడుకునే లోపాలన్నీ ఈ మేలు తర్వాత లెక్కకు వచ్చేవే.

డబ్బు వెంట కాలేజీలు

సర్కారు ప్రతి సీటుకూ డబ్బు ఇస్తానన్నాక సీట్లు పుట్టుకురావడం వింతేమీ కాదు. 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు, సీట్లు మూడు లక్షలు దాటాయి. పొలాల మధ్య నాలుగంతస్తుల భవనం, దాని ముందు పసుపు బస్సులు. కన్వీనర్ కోటాలో చేరిన ప్రతి పిల్లవాడూ సర్కారు రాసిచ్చిన ప్రామిసరీ నోటు లాంటివాడు. దాంతో కాలేజీల పీఆర్వోలు ఇంటర్ కాలేజీల చుట్టూ తిరిగారు, ఎంసెట్ రాసిన పిల్లల ఇళ్లకు ఫోన్లు చేశారు. చేర్చినవాళ్లకు కమీషన్లు, చేరినవాళ్లకు ల్యాప్‌టాప్ ఆశలు. అధ్యాపకులు లేని కాలేజీలు, కాగితం మీదే ఉన్న అధ్యాపకులు, హాజరు పట్టీల్లోనే ఉన్న విద్యార్థులు కూడా పుట్టుకొచ్చారు. 2014లో హైదరాబాద్ జేఎన్‌టీయూ 174 కాలేజీలకు అనుబంధ గుర్తింపు నిరాకరించే దాకా వెళ్లింది వ్యవహారం.

ఖర్చు పెరుగుతుంటే ప్రభుత్వాలు రెండు దారులు పట్టాయి. ఒకటి, పరిమితి. పది వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, దాటితే బీసీ, ఈబీసీ విద్యార్థులకు 35,000 వరకే. తెలంగాణలో ఈ పద్ధతే సాగింది. ఎస్సీ, ఎస్టీలకు మినహాయింపు ఉంది. ఈలోపు ఫీజు నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి కాలేజీల ఖర్చుల లెక్కలు చూసి ఫీజులు పెంచుతూ వచ్చింది. పేరున్న కాలేజీల్లో కన్వీనర్ ఫీజే లక్షన్నర దాటింది. పన్నెండు వేల ర్యాంకు వచ్చిన బీసీ రైతు బిడ్డకు అలాంటి కాలేజీలో సీటొస్తే ఏడాదికి లక్షా పదిహేను వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. దాంతో ర్యాంకు చూపించే కాలేజీ వదిలేసి ఫీజు 35,000కు దగ్గరగా ఉన్న కాలేజీ ఎంచుకుంటారు. పరిమితి ఖజానాకు డబ్బు ఆదా చేసింది నిజమే. కానీ మంచి కాలేజీల బెంచీల మీద ఎవరు కూర్చుంటారో కూడా అదే తేల్చింది.

రెండో దారి, బకాయి పెట్టడం. దీనికి జీవో అక్కర్లేదు. పైగా ఆదా కూడా కాదు, అప్పును అప్పుగా చూపించకుండా దాచుకోవడం.

కాలేజీల ఫీజులకు హద్దులు గీసిన రెండు తీర్పుల గురించి ఒక్క మాట. వృత్తివిద్యా కాలేజీలు మిగులు ఉంచుకోవచ్చు గానీ లాభాపేక్ష కూడదని, క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయరాదని 2002లో టీఎంఏ పాయ్ కేసు, 2005లో ఇనాందార్ కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజు కమిటీలు ఆ వెలుగులో పనిచేయాలి. కమిటీకి కాలేజీ ఇచ్చే లెక్కల్లో అధ్యాపకుల జీతాలది పెద్ద భాగం. ఆ జీతం నిజంగా నెలనెలా ఖాతాలో పడుతోందా, పడిన దానిలో కొంత వెనక్కి నగదుగా తీసుకుంటున్నారా అన్నది ప్రైవేటు కాలేజీ స్టాఫ్‌రూముల్లో అందరికీ తెలిసిన సంగతి. కమిటీల ఫైళ్లలోకి మాత్రం రాదు.

అమ్మ ఖాతా, కాలేజీ ఖాతా

ఇటు ఆంధ్రప్రదేశ్ వేరే ప్రయోగం చేసింది. 2019లో వచ్చిన ప్రభుత్వం 35,000 పరిమితి తీసేసి మొత్తం ఫీజు ఇస్తామంది. 'విద్యా దీవెన' అని పేరు పెట్టింది. భోజన, వసతి ఖర్చులకు 'వసతి దీవెన' కింద డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్లకు ఏడాదికి 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000. ఆదాయ పరిమితి అందరికీ రెండున్నర లక్షలు. 2021 ఏప్రిల్ నుంచి ఫీజు డబ్బును మూడు నెలలకోసారి తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టింది.

ఈ ఆలోచనలో బలం ఉంది. మూడు నెలలకోసారైనా తల్లి కాలేజీ మెట్లెక్కి, నేనే ఫీజు కడుతున్నాను, పాఠాలు ఎలా చెబుతున్నారని అడగొచ్చు. కాలేజీ జవాబు చెప్పాల్సింది సంక్షేమ శాఖకు కాదు, ఆ తల్లికి. కాగితం మీద ఇంతకన్నా మంచి జవాబుదారీతనం లేదు. కానీ ఖాతాలో డబ్బు పడిన రోజే ఇంట్లో పాత అప్పు తలుపు తడితే ఏం చేస్తుందామె? కొన్ని ఇళ్లలో డబ్బు కాలేజీకి చేరలేదు. కాలేజీల యాజమాన్యాలు హైకోర్టుకు వెళ్లాయి. ఫీజు మొత్తాన్ని కాలేజీ ఖాతాల్లోనే వేయాలని 2021 సెప్టెంబరులో కోర్టు ఆదేశించింది. ఆ తర్వాత కూడా తల్లుల ఖాతాల పద్ధతిని ఏదో ఒక రూపంలో కొనసాగించారు, తల్లీ బిడ్డల జాయింట్ ఖాతాల దాకా తెచ్చారు. 2020 డిసెంబరులో 77 నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు పథకం ఆపేయడం ఇదే కాలంలో జరిగింది. ఎంబీఏ, ఎంసీఏ చదువుకోవాలనుకున్న ఒక తరం పిల్లలకు అది పెద్ద దెబ్బ. 2024లో ప్రభుత్వం మారగానే పథకం పేరు మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అయింది, డబ్బు నేరుగా కాలేజీలకే అన్నారు. పాత బకాయి మీదంటే మీదని వాదులాట మాత్రం మిగిలింది.

తెలంగాణ కూడా మొదట్లోనే ఒక ప్రయోగం చేసి వదిలేసింది. 1956కు ముందు నుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే సాయమంటూ 2014లో 'ఫాస్ట్' పథకం తెచ్చింది. హైకోర్టు ప్రశ్నించాక మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది.

2008 నుంచీ మనం వాదించుకుంటున్నది ఏ పేరు, ఎవరి ఖాతా, ఎవరి స్థానికత అని. ఏ తేదీకి అన్న ప్రశ్న ఒక్క పార్టీ ఎన్నికల ప్రణాళికలోనూ తేదీతో సహా కనిపించలేదు. తల్లి ఖాతా అయినా కాలేజీ ఖాతా అయినా, మార్చిలో పడాల్సిన డబ్బు ఆ పై ఏడాది మార్చికి పడితే రెండింటికీ తేడా ఏముంది?

ఢిల్లీ వాటా

ఎస్సీ విద్యార్థుల విషయంలో కేంద్రం వాటా ఉంది. చాలాకాలం అది పేరుకే. ప్రతి పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాది ఖర్చును రాష్ట్రం సొంత బాధ్యతగా లెక్కగట్టి, ఆపైన పెరిగిన దానికే కేంద్రం ఇచ్చేది. ముందుగా ఎక్కువ ఖర్చు పెట్టిన రాష్ట్రాలే ఎక్కువ నష్టపోయే లెక్క అది. 2017 నుంచి 2020 మధ్య కేంద్రం దేశం మొత్తానికి ఏటా ఇచ్చింది సుమారు 1,100 కోట్లు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పద్ధతి మార్చింది. ఐదేళ్లకు 59,048 కోట్ల అంచనాతో, అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది అంది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది.

మంచి మార్పే. మెలిక ఏమిటంటే రాష్ట్రం తన 40 శాతం ముందు వేస్తే తప్ప కేంద్రం 60 కదలదు. నలభై వేయడానికి రాష్ట్రం దగ్గర నగదు లేకపోతే అరవై కూడా ఆగుతుంది. ఇక డబ్బు విద్యార్థి ఖాతాలో పడ్డాక కొద్ది రోజుల్లో కాలేజీకి కట్టాలి, లేదంటే కాలేజీతో గొడవ. సర్కారుకూ కాలేజీకీ మధ్య ఉండాల్సిన లావాదేవీలోకి ఇక్కడా విద్యార్థినే నిలబెట్టారు.

బీసీ విద్యార్థులకు కేంద్రం నుంచి వచ్చేది స్వల్పం. తెలుగు రాష్ట్రాల్లో ఈ పథకం లబ్ధిదారుల్లో పెద్ద సంఖ్య వాళ్లదే. కాబట్టి మోత బరువంతా రాష్ట్ర ఖజానా మీదే.

రెండు లక్షల గీత

తెలంగాణలో బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. అంటే పట్నంలో నెలకు 17,000 తెచ్చుకునే సెక్యూరిటీ గార్డు కుటుంబం గీత దాటేసినట్టే. ఏడాదికి 2,04,000. ఆ నాలుగు వేల కోసం వాళ్ల బిడ్డ నాలుగేళ్లలో లక్షా నలభై వేల సాయం కోల్పోవాలి. ఇదే దేశంలో ఓబీసీ క్రీమీలేయర్‌కు, ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు గీత ఎనిమిది లక్షల దగ్గర ఉంది. సీటు ఇచ్చేటప్పుడు ఎనిమిది లక్షల లోపువాళ్లు సాయం అవసరమైనవాళ్లే. ఫీజు ఇచ్చేటప్పుడు రెండు లక్షలు దాటితే స్తోమత ఉన్నవాళ్లైపోయారు.

ఫలితం అందరికీ తెలుసు. తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చే ఆదాయ ధ్రువపత్రాల్లో సగం ఊరు లక్షా నలభై వేల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. రోడ్డు పక్క రెండు షట్టర్ల దుకాణం ఉన్నవాడూ అంతే, దాని ముందు బండి పెట్టుకున్నవాడూ అంతే. నిజాయతీగా జీతం స్లిప్పు చూపించేవాడికే నష్టం. గీత ఒక్కచోట గోడలా నిలబడి ఉన్నన్నాళ్లూ అబద్ధపు కాగితాలు ఆగవు. రెండు లక్షల దాకా పూర్తిగా, నాలుగు లక్షల దాకా మూడొంతుల్లో రెండొంతులు, ఆరు లక్షల దాకా ఒక వంతు అని మెట్లుగా దింపితే కాగితం మార్చుకోవాలన్న ఆత్రం సగం తగ్గుతుంది. ఖర్చు పెరుగుతుందనడం నిజమే. కానీ ఇప్పుడు కట్టకుండా ఆపుతున్న డబ్బు కన్నా, కట్టేదెంతో తెలిసిన ఖర్చు మేలు.

ఫీజు లేకపోయినా

చదువు మానేసిన పిల్లల్ని అడిగితే ట్యూషన్ ఫీజు పేరు తక్కువగా వినిపిస్తుంది. బస్సు ఫీజు, పరీక్ష ఫీజు, ప్రాజెక్టు ఖర్చు, అమీర్‌పేటలోనో విజయవాడ బెంజిసర్కిల్ పక్కనో హాస్టల్ అద్దె, నాన్న పడిపోతే ఇంటికి పంపాల్సిన డబ్బు. కేంద్రం లెక్కలో ఇంజినీరింగ్ లాంటి కోర్సు చదివే హాస్టల్ విద్యార్థికి ఏడాదికి ఇచ్చే భత్యం 13,500. నెలకు వెయ్యిన్నర కూడా కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో హాస్టళ్ల డైట్ ఛార్జీలు 40 శాతం పెంచి కాలేజీ స్థాయిలో నెలకు 1,500 నుంచి 2,100 చేసింది. చాలా ఏళ్ల తర్వాత జరిగిన మంచి పని. ఆ డబ్బు కూడా నెలనెలా వస్తేనే మెస్ పొయ్యి వెలుగుతుంది.

పొరుగున తమిళనాడు మరో కోణంలో చూసింది. ఇంట్లో ఇంతకుముందు పట్టభద్రులెవరూ లేకపోతే 2010 నుంచి ఆ మొదటి పట్టభద్రుడికి కౌన్సెలింగ్ ద్వారా వచ్చే వృత్తివిద్యా సీట్లలో ట్యూషన్ ఫీజు రాయితీ, ఆదాయంతో పని లేకుండా. ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు వృత్తివిద్యా కోర్సుల్లో 7.5 శాతం ప్రత్యేక కోటా, ఆ కోటా పిల్లల హాస్టల్ ఖర్చు కూడా సర్కారుదే. ప్రభుత్వ బడి నుంచి కాలేజీకి వచ్చిన అమ్మాయిలకు 2022 నుంచి, అబ్బాయిలకు 2024 నుంచి నెలకు వెయ్యి రూపాయలు. వెయ్యి చిన్న మొత్తమే. కానీ అది కాలేజీ మీదుగా కాక, నేరుగా పిల్లల ఖాతాలో నెలనెలా పడుతుంది. దాంతో బస్ పాస్ ఆగదు.

గడువు ఉన్న అప్పు

సంస్కరణ అనగానే సాయం తగ్గించి అప్పు ఇప్పిద్దామనే మాట వినిపిస్తుంది. కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది. హామీదారు, తాకట్టు లేకుండా రుణం, ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పది లక్షల వరకు రుణం మీద మూడు శాతం వడ్డీ రాయితీ, ఏటా లక్ష మందికి. బాగానే ఉంది. కానీ అది ర్యాంకింగుల్లో మంచి స్థానం ఉన్న సుమారు 860 సంస్థలకే. సిరిసిల్ల, నరసన్నపేట లాంటి ఊళ్ల ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆ జాబితాలోకి రాదు. బీకాం చదివి పదిహేను వేల ఉద్యోగంలో చేరే పిల్లవాడి నెత్తిన రుణం పెట్టడం సాయం కాదు.

అంతకన్నా ముందు సర్కారు తన అప్పును అప్పుగా ఒప్పుకోవాలి. చిన్న పరిశ్రమ సరుకిస్తే 45 రోజుల్లో డబ్బు కట్టాలి, కట్టకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ వేసి కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. చట్టం ఉన్నంత మాత్రాన అందరికీ డబ్బు వస్తోందని కాదు. కానీ ఆలస్యానికి ధర ఉంది, ఆ ధర ఎవరు కట్టాలో రాసి ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా జీవోల మీదే నడుస్తోంది. దానికి శాసనసభ చట్టం కావాలి. సెమిస్టరు ముగిసిన ఇన్ని రోజుల్లో చెల్లింపు, తప్పితే వడ్డీ కాలేజీకి, ఆ వడ్డీ పద్దు ఏటా బడ్జెట్ పత్రాల్లో విడిగా కనబడడం. తన ఆలస్యం ఖరీదెంతో సభలో చదివి వినిపించాల్సి వస్తే ఏ ఆర్థిక మంత్రి అయినా ముందు ఆ టోకెన్లే తీయిస్తారు.

పాత బకాయిని కొత్త ఏడాది చెల్లింపులతో కలిపి కడిగేద్దామనుకుంటే ఎప్పటికీ తీరదు. డిస్కంల అప్పుల కోసం 2015లో కేంద్రం 'ఉదయ్' తెస్తే, ఆ అప్పులో ముప్పాతిక భాగాన్ని రాష్ట్రాలు బాండ్ల రూపంలో తమ నెత్తికెత్తుకున్నాయి. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో చేరాయి. కరెంటు బకాయికి చేసింది చదువు బకాయికి చేయకూడదా? కాలేజీలు తమ బిల్లుల మీద బ్యాంకుల నుంచి డబ్బు తెచ్చుకునే ఏర్పాటు, ట్రస్టు బ్యాంకు లాంటిది పెట్టాలన్న ప్రతిపాదన తెలంగాణలో చర్చకు వచ్చాయి. బ్యాంకుకు వడ్డీ కట్టేది సర్కారు అయితే మంచిదే. కాలేజీ అయితే మళ్లీ తిరిగి తిరిగి విద్యార్థి ఫీజులోకే వస్తుంది.

కాలేజీలకు ఇది ఏకపక్ష వరం కాకూడదు. గడువులో డబ్బు అందుకునే కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే గుర్తింపు పోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది, పాటించేవాళ్లు తక్కువ. కన్వీనర్ అలాట్‌మెంట్ ఆర్డరు సర్కారు ఇచ్చిన పూచీ. బాకీ వసూలుకు కాలేజీ వెళ్లాల్సింది సచివాలయానికి, అమ్మాయి ఇంటికి కాదు. అధ్యాపకుల జీతాలు బ్యాంకు ద్వారా ఇచ్చినట్టు రుజువు చూపిస్తేనే తర్వాతి విడత అన్న షరతు కూడా పెట్టాలి. విజిలెన్స్ బృందాలతో కాలేజీ మీద పడడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది.

ఈ సంస్కరణల మీద తెలంగాణ 2025లో కమిటీ వేసింది. ఆంధ్రాలో ప్రభుత్వం కాలేజీల ఖాతాలకు తిరిగి వచ్చింది. రెండు చోట్లా చట్టం, బాండ్లు, ఆదాయ మెట్లు తేలడానికి సమయం పడుతుంది. ఈలోగా చేయగల పని ఒకటుంది. ఏ కాలేజీకి, ఏ ఏడాదిది, ఏ వర్గం విద్యార్థులది ఎంత బకాయి ఉందో పబ్లిక్‌గా పెట్టడం. మొత్తం బాకీ ఎంతన్నది ఇప్పుడు యాజమాన్యాల సంఘం ఒక లెక్క చెబుతుంది, అధికారులు మరో లెక్క చెబుతారు, ప్రతిపక్షం మూడోది చెబుతుంది. దరఖాస్తు నంబరు కొడితే ఒక్కో విద్యార్థి తన స్కాలర్‌షిప్ ఎక్కడుందో చూసుకునే వీలు ఇప్పటికే ఉంది. అవే వివరాలను కాలేజీల వారీగా కూడి, టోకెన్ పడిన తేదీ, డబ్బు పడిన తేదీ పక్కపక్కన చూపించే ఒక పేజీ చాలు. సీటు ఎంచుకునే ముందు తల్లిదండ్రులు చూస్తారు, కాలేజీలో జీతం కోసం ఆగిన లెక్చరర్ చూస్తాడు, బడ్జెట్ మీద మాట్లాడే ఎమ్మెల్యే చూస్తాడు. ఇందుకు కొత్త సర్వర్ కూడా అక్కర్లేదు.